మహాలక్ష్మి టాకీసులో అమ్మడి బొమ్మ

రాజోలు మహాలక్ష్మి టాకీసులో ఆపరేటర్ ముత్యాలరాజు ఎంత మంచివాడంటే, బొమ్మ బాగోకపోతే ఆ తప్పేదో తనదైనట్టు ఇంటర్వెల్లో కిందికి దిగొచ్చి, "సెకండాఫ్ బాగుంటదండీ, కూచోండి" అని జనాన్ని బతిమాలేవాడు. అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు వెంకటదుర్గ ఫోన్ చేసి, "నాన్నా, నేనిప్పుడు ఫిల్ములు తయారు చేస్తున్నాను" అంటే ఇంకేమైనా ఉందా?

దుర్గ అమలాపురంలో ఫిజిక్సుతో డిగ్రీ చేసి, హైదరాబాదులో పై చదువు ముగించి, అక్కడే పరిశోధనలో చేరింది. ఎస్టీడీ బూతులో ఆ గరగరల మధ్య ముత్యాలరాజు చెవిన పడినవి ఫిల్మూ, లైటూ, ఈ రెండే. "ఆ ఫిల్ము మీద లైటు పడతాదా అమ్మా?" అని అడిగాడు. "మా పనంతా అదే నాన్నా" అంది. ఫిల్మూ, దాని మీద లైటూ! అది సినిమా కాక మరేమిటి చెప్పండి? బూతు మెట్లు దిగేసరికే కూతురు తన లైన్లోకి వచ్చేసింది.

సాయంత్రానికల్లా ఊరికి తెలిసిపోయింది. "మా అమ్మడి బొమ్మ మన హాల్లోనే ఏత్తానండీ, ఆయ్" అని ఏకంగా యజమాని తాతారావుగారికే మాటిచ్చేశాడు. మాటివ్వడం ఎంతసేపు! ఏడాది దాటింది. గేటు దగ్గర పల్లీలమ్మే వీరాయమ్మ ఊరుకునే రకం కాదు. "ఏం రాజూ, మీ అమ్మాయి బొమ్మెప్పుడు పడతాదయ్యా? నేను పోయాకా?" అని రోజూ ఆటపట్టించేది. "వచ్చేత్తంది, ఓపిక పట్టు" అనేవాడు.

2003 ఎండాకాలంలో దుర్గ సెలవు పెట్టి వచ్చింది. బస్సు దిగీ దిగగానే తండ్రి, "రీళ్లేవమ్మా?" అన్నాడు. ఆ పిల్లకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. తండ్రి మొహం చూశాక ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

"నా ఫిల్ము ఆ ఫిల్ము కాదు నాన్నా" అని ఇంటికెళ్లాక కూర్చోబెట్టి చెప్పింది. "గాజు ముక్క మీద వేసే లోహప్పూత. ఇనుములో వేరే లోహాలు కలిపి, వెంట్రుక కంటే వేలరెట్లు పలచగా వేస్తాం. అది సూదంటురాయిలా ఉంటుంది. దాని మీద లేజరు లైటు ఇలా మెరిసి అలా ఆరిపోతుంది. ఆ దెబ్బకి, లైటు పడినచోట సూదంటురాయి గుణం పోతుంది. మళ్లీ వస్తుంది. నువ్వు రెప్ప వేసేలోపు కోట్లసార్లు జరిగిపోగలదు. ఎలా పోతుంది, ఎలా వస్తుంది అన్నదే నేను చూసేది."

ముత్యాలరాజు అరుగు మీద కూలబడ్డాడు. "తాతారావుగారికి నా మొహం ఎలా చూపించనే? నా పరువు పోయింది" అన్నాడు.

దుర్గకి చివుక్కుమంది. "అయితే నాది పరువు తక్కువ పనా?" అని లోపలికెళ్లి తలుపేసుకుంది. అన్నానికి పిలిచినా రాలేదు.

దాంతో ముత్యాలరాజుకి తాతారావుగారూ గుర్తులేరు, ఊరూ గుర్తులేదు. కూతురు అలిగితే అతనికి ముద్ద దిగదు. కంచం పట్టుకెళ్లి తలుపు తట్టాడు. "తప్పైపోయిందే అమ్మడూ. తెలీక అడుగుతాను. అంత జోరుగా అయిపోయేదాన్ని మీరెలా చూత్తారు?"

తన పని గురించి అడిగితే ఆ పిల్ల అలక నిలవదు. తలుపు తెరిచింది. "ఒక్కసారిలో చూడలేం నాన్నా. లైటు కొట్టి ఒక ఫొటో తీస్తాం. మళ్లీ మొదట్నించీ లైటు కొట్టి, ఈసారి పిసరంత ఆలస్యంగా ఇంకో ఫొటో. మళ్లీ కొట్టి, ఇంకాస్త ఆలస్యంగా ఇంకోటి. అన్నీ వరసగా పేరిస్తే..."

"ఓసోస్! వన్స్ మోర్ అన్నమాట!" జనం కేకలేస్తే రీలు వెనక్కి తిప్పి అదే పాట మళ్లీ వేయడం అతనికి కొత్తా? "ఫొటోలు వరసగా పేరిత్తే అది బొమ్మేనే పిచ్చిమొహమా! ఉన్నాయా నీ దగ్గర?"

ఉన్నాయి. ఫొటో స్టూడియో బుల్లిరాజు చేత వాటిని హాల్లో ప్రకటనలకి వేసేలాంటి గాజు స్లైడ్లు చేయించాడు.

ఆదివారం మాట్నీ ఇంటర్వెల్లో, బట్టలకొట్టు ప్రకటన తర్వాత, అమ్మడి బొమ్మ పడింది. తెరంతా బూడిదరంగు. ముత్యాలరాజు చకచకా స్లైడ్లు తోశాడు. నడిమధ్య తెల్లటి చుక్క పుట్టింది, పెద్దదైంది, మెల్లగా కరిగి బూడిదలో కలిసిపోయింది. అంతే. కింద కుర్చీలో దుర్గకి నాన్న ఇప్పుడు నవ్వులపాలైపోతాడని ఒకటే భయం.

"ఇదేనేటి బొమ్మ?" అన్నారెవరో.

పైన ఆపరేటర్ కిటికీలోంచి ముత్యాలరాజు తల బయటికొచ్చింది. "ఇదేనండీ! ఆ తెల్లగా అయినచోట సూదంటురాయి చచ్చిపోయి మళ్లీ బతికిందండీ! మనం రెప్పేసేలోపు జరిగిపోయేదాన్ని మా అమ్మడు పట్టుకొచ్చి చూపించిందండీ, ఆయ్!"

గంప నెత్తిన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ వీరాయమ్మ గయ్యిమంది. "చచ్చి బతికిందా? నేను పొట్లం కట్టేలోపు అయిపోయిందిరా నాయనా! వన్స్ మోర్!"

నేల టిక్కెట్టు అందుకుంది. ఆ తర్వాత కుర్చీలు. వన్స్ మోర్, వన్స్ మోర్ అని ఈలలు, చప్పట్లు. ముత్యాలరాజు మళ్లీ వేశాడు. అరిచారు, మళ్లీ వేశాడు. దుర్గ కూడా కుర్చీ మీద నిలబడి ఈల వేసేసింది.

బాల్కనీలోంచి తాతారావుగారు కేకేశారు. "ఏవయ్యా రాజూ, సెకండాఫ్ వేసేదుందా లేదా?"

"ఆయ్, ఇంకొక్కసారండీ!" అన్నాడు ముత్యాలరాజు, కండువాతో కళ్లు తుడుచుకుంటూ.