రబియా బీ గేటు తాళం

రబియా బీ పనికి కుదిరేనాటికి మా కాలనీ బడికి గేటు లేదు. రెండు రాతి స్తంభాలు, మధ్యలో ఖాళీ. హెడ్మాస్టరు వెంటా యూనియను వాళ్ల వెంటా పడి, పాత ఇనుప గేటు ఒకటి తెప్పించింది ఆమే. తాళం కూడా తానే గోదావరిఖని బజారుకు పోయి ఏరి తెచ్చుకుంది.

గంట కొట్టడం, పిల్లలకు నీళ్లు పట్టడం ఆమె పని. ఎంత గుడ్డ కట్టినా కడవల్లో బొగ్గు పొడి పడేది. పిల్లలు ఏడిపించేవారు.

"బీబమ్మా, నీ నీళ్లు నల్లగున్నయే."

"తాగుండ్రిరా. రేపు బాయిల దిగేటోళ్లే గద, ఇప్పటిసందే అలవాటైతది" అని, మళ్లీ తన చెంపలు తానే వేసుకునేది. "గా మాట నా నోట్లె ఎందుకొచ్చింది? మీరెవ్వలు దిగద్దు. సదువుకోండ్రి."

బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటారు. షిఫ్టు మారేటప్పుడు బాయి సైరన్ కూస్తే ఎవరూ పట్టించుకోరు. వేళ కాని వేళ కూసిందంటే లోపల ఏదో జరిగినట్టు. ఇళ్లలోంచి ఆడవాళ్లు, బడిలోంచి పిల్లలు బాయి దిక్కు పరుగెత్తేవారు. ఎనభై నాలుగులో ఒకరోజు అట్లాగే కూసింది. రబియా బీ భర్త బద్రుద్దీన్ అప్పుడు లోపల ఫిట్టరు. రెండో తరగతి చదువుతున్న కొడుకు ఇస్హాక్ పలక చంకన పెట్టుకొని అందరితో పాటు ఉరికాడు. మూలమలుపు దగ్గర బొగ్గు లారీ కింద పడ్డాడు. బద్రుద్దీన్‌కు ఆ రోజు గోరంత గాయం కూడా కాలేదు. పైకి వచ్చి ముఖం కడుక్కున్నాక కొడుకు సంగతి చెప్పారు.

నలభై దినాలు కాగానే రబియా బీ బడికి వచ్చి హెడ్మాస్టరు ముందు నిలబడింది. "ఏ పనన్న చేస్త సార్. నన్ను బడిల ఉండనియ్యుండ్రి."

గేటు వచ్చిన నాటి నుంచి సైరన్ కూస్తే ముందు గేటుకు తాళం పడేది. తాళంచెవి కొంగున ముడేసుకొని, గేటుకు వీపు ఆనించి కూర్చునేది. ఏడ్చే పిల్లలకు నీళ్లు పట్టేది. యూనియను గట్టయ్య బండి మీద వచ్చి ఎవరెవరికి దెబ్బలు తాకాయో చెప్పాక, ఆ ఇంటి పిల్లలను మాత్రం పెద్దవాళ్ల చేతిలో పెట్టి పంపేది. మిగతావారికి గంట కొట్టి పాఠం. బాయిలో దిగే తండ్రులకు అదొక ధైర్యం. "గేటుకాడ రబియా బీ ఉన్నది, పిల్లల ఫికర్ లేదు" అనుకునేవారు.

తొంభై నాలుగు చలికాలం. పదో తరగతి చదివే స్వరూపకు కరీంనగర్‌లో జరిగిన వ్యాసాల పోటీలో జిల్లా మొదటి బహుమతి వచ్చింది. మా బడికి అంతటి పేరు అంతకు ముందు లేదు. వార్షికోత్సవం నాడు అందరి ముందు బహుమతి ఇవ్వాలనుకున్నారు. స్వరూప తండ్రి ఎల్లేశం బాయిలో బొగ్గు నింపే కార్మికుడు. ఆ పొద్దున మొదటి షిఫ్టుకు పోతూ గేటు దగ్గర సైకిలు ఆపాడు.

"బీబమ్మా, ఇయ్యాల నా బిడ్డకు ప్రైజు. డ్యూటీ దిగంగనే వస్త. ముందట ఒక కుర్సీ ఆపు."

"ముందట కుర్సీలల్ల ఆఫీసర్లు కూసుంటరు. నీకు కడవల పక్కన స్టూలేస్త."

"స్టూలైతేంది? సప్పట్లు నేనే గట్టిగ కొడ్త సూడు."

మధ్యాహ్నం కాకముందే సైరన్ కూసింది. మైదానంలో రంగు కాగితాలు కడుతున్న పిల్లలు గేటు దగ్గరికి వచ్చేసరికి తాళం పడింది. స్వరూప ఇనుప కమ్ములు పట్టుకుంది.

"బీబమ్మా, బాపు మొదటి షిఫ్టుల ఉన్నడు. తాళం తియ్యి."

"కబురు రానీ బిడ్డా. నీ ఒక్కదాని బాపేనా లోపటున్నది?"

ఆ రోజు గట్టయ్య కంటే ముందు స్వరూప మేనమామ సదయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"బావ మీద కప్పు పడ్డది. పైకి తెచ్చిన్రు. దవాఖానల ఉన్నడు. బిడ్డను తోల్కరమ్మన్నడు."

"మాట్లాడుతుండా?"

"మాట్లాడుతుండు. ప్రైజిచ్చిన్రా అని అడుగుతుండు."

రబియా బీ గుండె మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు రోడ్డు వైపు చూసింది. జీపులు, లారీలు, వాటి మధ్య పరుగెత్తే జనం. దుమ్ములో మూలమలుపు కనబడటం లేదు.

"జర ఆగు సదయ్యా. గీ రోడ్డు మీద పోరిని సైకిలెక్కిచ్చుకొని ఎట్ల పోతవ్? లారీలు పోనీ. మాట్లాడుతుండు గద, ఏం కాదు."

సదయ్యకూ ఆ మాట నిజమే అనిపించింది. చెమట తుడుచుకొని గేటు పక్కనున్న గద్దె మీద కూర్చున్నాడు. రబియా బీ గ్లాసు ముంచి స్వరూపకు ఇచ్చింది. "తాగు బిడ్డా. బాపుకు మంచిగనే ఉన్నది." ఆ పిల్ల నమ్మింది. గటగటా తాగింది. కాస్త నవ్వింది కూడా. లారీలు పలచబడ్డాకే రబియా బీ తాళం తీసింది.

ఒంటి లోపల నలిగిన మనిషి చివరిదాకా మాట్లాడుతూనే ఉండవచ్చని ఆ ముగ్గురికీ తెలియదు. సైకిలు దవాఖాన చేరేసరికి ఎల్లేశం ముఖం మీద దుప్పటి కప్పారు. రెండుసార్లు "బిడ్డ వచ్చిందా?" అన్నాడట.

స్వరూప బడికి రావడం మానేసింది. బహుమతిగా ఇచ్చే స్టీలు టిఫిన్ డబ్బా హెడ్మాస్టరు బీరువాలో ఉండిపోయింది. పరీక్షలు దగ్గర పడ్డాక రబియా బీ దాన్ని అడిగి తీసుకొని వాళ్ల క్వార్టరుకు పోయింది. స్వరూప తల్లి అనసూర్య వాకిట్లో కూర్చోబెట్టింది.

"నాకు నీ మీద కోపం లేదక్కా. దానికే ఉన్నది. నేను సెప్తె ఇంటలేదు."

రబియా బీ మూసిన తలుపు దగ్గరికి పోయి నిలబడింది. "బిడ్డా, నన్ను తిట్టు. కొట్టినా కొట్టు. పరీచ్చ మాత్రం ఇడిసిపెట్టకు."

లోపలి నుంచి మాట వచ్చింది. "గేటుకు తాళం లేకుంటెనే వస్త."

ఆమె డబ్బా గడప మీద పెట్టి ఇంటికి పోయింది. ఇస్హాక్ పలక ఇంకా గోడకు ఉంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదని తర్వాత బద్రుద్దీన్ చెప్పాడు. తెల్లారి గేటు తాళం తీసి ఇంటికి తెచ్చేసింది.

"సైరన్ కూస్తే ఎట్ల బీ?" అని హెడ్మాస్టరు అడిగాడు.

"నేనే పోయి రోడ్డు మీద నిలబడ్త సార్."

స్వరూప వచ్చింది. తల వంచుకొని రాసుకునేది, తల వంచుకొని పోయేది. నీళ్లు ఇంటి నుంచి సీసాలో తెచ్చుకునేది. కడవల దిక్కు చూసేది కాదు.

పరీక్షలకు కొద్ది రోజుల ముందు మళ్లీ సైరన్ కూసింది. పిల్లలు గేటు దాటారు. వాళ్ల కంటే ముందు రబియా బీ ఉరికింది. మూలమలుపులో రోడ్డు నడిమధ్య చేతులు చాచి నిలబడింది. లారీ డ్రైవర్లు హారన్లు కొట్టారు, బూతులు తిట్టారు. ఆమె కదలలేదు. పిల్లలందరూ దాటాకే పక్కకు జరిగింది. ఆ రోజు బాయిలో ప్రాణాలు పోలేదు. కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగి వచ్చేసరికి ఒకటో తరగతి గది ముందు స్వరూప కనబడింది. తలుపుకు అడ్డంగా, వీపు ఆనించి కూర్చుంది. లోపల చిన్నపిల్లలు ఏడుస్తున్నారు.

"నువ్వు పోలేదా బిడ్డా?"

"నాకెవ్వలున్నరు పోవుటానికి?" అంది స్వరూప. "గీ చిన్నోళ్లు ఉరుకబోయిన్రు. తాళం యాడ పెట్టినవ్?"

"ఇంట్ల ఉన్నది."

"తెచ్చి గీ తలుపుకు వెయ్యి. పెద్దోళ్లను మాత్రం ఆపకు."

రబియా బీ కడవలో గ్లాసు ముంచి తెచ్చింది. స్వరూప దాని వైపు చూసి లేచింది. పావడాకు అంటిన దుమ్ము దులుపుకొని తన తరగతిలోకి పోయింది. నీళ్లు రబియా బీ చేతిలోనే ఉండిపోయాయి.

పరీక్షలు అయ్యాక తల్లీబిడ్డలు క్వార్టరు ఖాళీ చేసి నది అవతల జైపూర్ దిక్కున్న తమ ఊరికి పోయారు. పోయేముందు స్వరూప బడి దిక్కు రాలేదు. పాసైందని సదయ్య వచ్చి చెప్పాడు. గేటు తెరిచే ఉంది. తాళం ఒకటో తరగతి తలుపుకు వేలాడుతోంది.