గంగాకిషన్ అడగని ప్రశ్న

ఆర్మూర్‌ల బ్రేకుల సామాను అమ్మే గంగాకిషన్, ముందు నాలుగు ప్రశ్నలు వెయ్యకుండ ఏదీ చేతికియ్యడు. స్పోర్ట్స్ కారుకు డిస్కులు, ప్యాడ్లు కొననీకి వచ్చిన శ్రవణ్‌కుమార్‌ను గూడ, ప్యాడ్‌ను బొటనవేలితో రుద్దుకుంట అడిగిండు. "ఎంత స్పీడు పోతరు సార్? ఘాట్ రోడ్లు ఎక్కుతరా? రంధ్రాల డిస్కులు చూసేందుకే మంచిగుంటయ్. మీకు సాదా డిస్కు, వేడిని తట్టుకునే ప్యాడ్లు మేలు. పానంతోటి పని." అట్ల అరగంట గడిచింది.

అప్పటిదాక పసుపు మార్కెట్ కూలీల ఆటో ఎండల నిలబడే ఉంది. డ్రైవర్ లింబాద్రి "బ్రేకు లైనర్లు ఇయ్యన్నా" అనంగనే, గంగాకిషన్ తలెత్తకుండ కింది అరలోంచి నాసిరకం లైనర్ల డబ్బా తీసి బల్లమీద పడేసిండు. ఆటోలోంచి మంగవ్వ పసుపంటిన చెయ్యి బయటికి చాపింది. "ఏం బిడ్డా, మమ్ములనేం అడగవా? గా కారుల ఒక్కడే ఉన్నడు. మేం పద్నాలుగు మందిమి!"

ఆటోల ఆడోళ్లంత నవ్విండ్రు. గంగాకిషన్ బల్లమీది డబ్బాను చూసిండు. పన్నెండేండ్ల సంది ఆటోలకు గదే డబ్బా ఇస్తున్నడు. దాన్ని మెల్లగ వెనక్కి గుంజుకొని, ఎవరి మొహం చూడలేక ఆటో చక్రాన్ని చూసుకుంట అడిగిండు.

"ఇంతమందితోని పోతుంటే, బ్రేకు కొడితే ఎంత దూరంల ఆగుతది?"

"ఆగినప్పుడు ఆగుతదన్నా" అన్నడు లింబాద్రి.