బిషప్ తొట్టి నీళ్లు

కొండరోడ్డు మలుపులో ఒక కారు ఆగి ఉంది. వెనక తలుపు ఎత్తి ఉంది. లోపల నీళ్ల సీసాలు, పాలవాడి బండిలోలా, వరసగా నిలబెట్టి ఉన్నాయి. పక్కనే ముప్ఫై దాటిన స్త్రీ ఒకామె ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి బూటులోంచి నీళ్లు వంచుకుంటోంది.

హేడన్ ప్రొబర్ట్ పొద్దుటి నుంచీ నడుస్తున్నాడు. డెబ్బై దాటినా ఎండైనా వానైనా ఇంట్లో కాలు నిలవని మనిషి. నాలుగడుగులకోసారి చేతికర్రతో నేలను తట్టి వింటాడు. ఆ కొండల కడుపునిండా పాత గని సొరంగాలే. పైన గడ్డి పచ్చగా ఉన్నంత మాత్రాన కింద నేల ఉందని నమ్మకూడదు. గనిలో పనిచేసిన రోజుల్లో తల మీద రాతిని తట్టి వినేవాడు. ఇప్పుడు కాలికింద తడుతున్నాడు. అంతే తేడా.

"ఏమ్మా, నీళ్లమ్ముతున్నావా, చేపలకి తోడెళ్లి వస్తున్నావా?" అన్నాడు.

"రెండూ కాదు. మా నాన్న చేత తిట్లు తినడానికి సామాను పోగేస్తున్నా," అంది ఆమె. "మీరీ కొండలన్నీ తిరిగినవాళ్లలా ఉన్నారు. బిషప్ తొట్టి అనే చెరువు ఎక్కడుందో తెలుసా?"

కర్ర గాల్లోనే ఆగిపోయింది.

ఆ పేరు ఏ పటంలోనూ లేదు. గొర్రెలు కాసేవాళ్లకి తెలీదు, నీటి సరఫరా వాళ్లకి తెలీదు. లోకం మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకడు తాను. రెండోవాడితో మాట్లాడి ముప్ఫై ఏళ్లు దాటింది. హేడన్ అప్పుడు ఆమె గడ్డం వంక చూశాడు. ఎవరి మాటా విననని ముందే చెప్పేసే గడ్డం. ఐవర్ బెడో గడ్డం.

"ఎవరు చెప్పారు నీకా పేరు?"

"మా నాన్నే. ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్ము. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి, అదే ఆయన ఊరేగింపు. ఇప్పుడొకటే పట్టు పట్టాడు, ఆ చెరువు నీళ్లతో టీ కావాలంట. ఎక్కడుంది నాన్నా అంటే ‘పైన’ అంటాడు. మన ఊళ్లో ఎటు చూసినా పైనే కదండీ! తెచ్చిన ప్రతిసారీ ఒక గుక్క తాగి ‘ఇది కాదు’ అంటాడు. మొన్న విసుగొచ్చి కుళాయి నీళ్లు కాచిచ్చా. కప్పు గోడకేసి కొట్టాడు."

హేడన్‌కి నవ్వు రాబోయింది. దాన్ని మింగేశాడు. తెలీదని ఒక్క మాట అనేసి దాటిపోవచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది. కానీ ఐవర్ ఊపిరి ఇంకెన్నాళ్లుంటుందో ఆ అమ్మాయి మొహంలోనే రాసి ఉంది. ఈ పూట తెలీదంటే ఆ ముసలాడు ఆ టీ తాగకుండానే పోతాడు.

గనిలో ఇద్దరూ జోడీ. ఒకే బొగ్గు గోడ ముందు, ఒకడి ప్రాణం ఇంకొకడి చెవుల్లో పెట్టుకుని పదకొండేళ్లు పనిచేశారు. భూమికింద వాళ్లందరికీ బొగ్గు కంటే, విషవాయువు కంటే ఎక్కువ భయం నీళ్లంటే. ఎప్పుడో తవ్వి వదిలేసిన సొరంగాల్లో నిండిన నీళ్లు ఏ దెబ్బకి గోడ పగిలి మీద పడతాయో ఎవరికీ తెలీదు. అదే నీళ్లు కొండ మీద ఆకాశాన్ని చూస్తూ పడుకుని ఉంటే చుట్టంలా ఉంటాయి. కింద శత్రువు, పైన చుట్టం. అందుకేనేమో, ఆదివారం ప్రార్థన ముగియగానే ఇద్దరూ ఇంటిమొహం చూడకుండా కొండెక్కేవాళ్లు. ఒక్కో వారం ఒక్కో చెరువు. మంచుయుగాలు తొలిచిపోయినవీ, కట్ట పోసి పొలాల్ని ముంచినవీ, బొగ్గు కడిగే నీళ్ల కోసం గనివాళ్లు తవ్వినవీ, వాళ్లకి అన్నీ చెరువులే. గట్టున మూడు రాళ్లు పెట్టి, ఆ చెరువు నీళ్లతోనే టీ కాయడం నియమం. ఒక చోట ఇనుప రుచి, ఒక చోట నాచు, ఒక చోట గొర్రె. కళ్లకి గంతలు కట్టినా కప్పు రుచి చూసి చెరువు పేరు చెప్పేస్తానని ఐవర్ గొప్పలు పోయేవాడు. పేర్లూ వాళ్లు పెట్టుకున్నవే.

ఇంకో నియమం వాళ్లది కాదు, లోయ మొత్తానిది. గనికి పోయేవాడు గుమ్మంలో వీడ్కోలు చెప్పడు. మనవైపు వెళ్తాననకూడదు, వెళ్లొస్తాననాలి అంటారు. అక్కడ అదీ అనరు. టోపీ పెట్టుకుని, మాట్లాడుకునే మాట మధ్యలోనే బయటికి నడిచేస్తారు. అలా పోయినవాడు సాయంత్రానికి ఆ మాట పూర్తిచెయ్యడానికి తిరిగొస్తాడని నమ్మకం. ఆదివారాలు విడిపోయేటప్పుడూ వాళ్లిద్దరికీ అదే అలవాటు.

ఆ తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. ఏడాది పాటు లోయంతా ఒక్క మనిషిలా నిలబడింది. అది ముగియడానికి కొన్ని వారాల ముందు, ఒక సాయంత్రం ఐవర్ హేడన్ గుమ్మంలోకి వచ్చి టోపీ తీశాడు. "ఉంటాను మరి, హేడన్," అన్నాడు. ఎన్నడూ అనని మాట. ఎందుకన్నాడో మర్నాడు తెల్లవారితే గానీ అర్థం కాలేదు. సమ్మె విడిచి పనిలోకి పోయేవాళ్లని తీసుకెళ్లే, కిటికీలకి ఇనుపజాలి బిగించిన బస్సు గని గేటు దాటుతుంటే లోపల ఐవర్ కనిపించాడు. చుట్టూ అందరూ కేకలేశారు. హేడన్ ఏమీ అనలేదు. వీపు తిప్పాడు. అక్కడ అన్నిటికన్నా పెద్ద శిక్ష అదే. కొన్నేళ్లకి గని మూతపడింది, గని నోటి మీది పెద్ద చక్రం దించేశారు, బొగ్గుగుట్టల మీద చెట్లు నాటారు. తిప్పిన వీపు మాత్రం తిరగలేదు. ఒకే వీధి, ఒకే దుకాణం, ఒకే శ్మశానం. అయినా ఎదురుపడితే మధ్యలో రోడ్డు ఉండాల్సిందే.

"బూట్లు తొడుక్కో," అన్నాడు హేడన్. "కారు పోయే దారి కాదది."

ఆమె ఒక సీసా చంకన పెట్టుకుని వెంట నడిచింది. కర్ర తట్టడం కాసేపు వింది. "మా నాన్నా ఇలాగే తట్టేవాడు, వంటింట్లో నేల కూడా," అంది. మళ్లీ కొంతదూరం పోయాక, "మీరు హేడన్ అంకులేనా?" అంది.

"ఎవరు చెప్పారు?"

"వీధిలో విన్న పేరు. మా ఇంట్లో మీ పేరెత్తరు. చెరువుల కథలు చెప్పేటప్పుడు మాత్రం ‘నేనూ, ఇంకొకడూ’ అంటాడు. ఆ ఇంకొకడు మీరేనా?"

ఇంకొకడు! హేడన్ కర్రతో నేలను ఇంకాస్త గట్టిగా తట్టాడు.

"నేను నెరిస్‌ని. ఎప్పుడో ఊరొదిలి, నాన్న మంచం పట్టాక తిరిగొచ్చా. సమ్మె చలికాలంలో పుట్టింది నేనే," అంది ఆమె. "నాకు ఉబ్బసం, పొయ్యిలో బొగ్గు లేదు. నావల్లే బస్సెక్కాడని వీధంతా అనేవాళ్లు."

"నువ్వప్పుడు చంటిపిల్లవి. బస్సెక్కింది నువ్వు కాదు," అన్నాడు కటువుగా. కర్రతో పక్కకి చూపించి, "చూసి నడువు. ఆ పక్క నేల బోలు," అన్నాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కింద పెద్ద జలాశయం కుంచించుకుపోయి, ఎప్పుడో మునిగిన పొలాల రాతిగోడలు నీళ్లలోంచి వరసగా పైకి తేలాయి. "నాన్న చెప్పే ముసలమ్మ పళ్లు అంటే అదేనా?" అంది నెరిస్ సంబరంగా. హేడన్ తలూపాడు. తాము పెట్టిన పేర్లు ఇంకొకరి నోట వినడం అతనికి ఈ రోజే మొదలు.

నాటిన దేవదారుల మధ్య నుంచి వంగి, పాకి, ఒక కొండచరియ కిందకి దిగారు. అక్కడ ఇంతే ఉంది చెరువు. నల్లగా, గుండ్రంగా. ఐవర్‌తో మాట మానాక హేడన్ అన్ని చెరువులూ ఒంటరిగా తిరిగాడు, ఇదొక్కటి తప్ప.

"బిషప్ ఎవరు?" అంది నెరిస్.

"మీ నాన్నే. ప్రార్థన నుంచి తిన్నగా వచ్చాం, కొత్త నల్లకోటు, అచ్చం బిషప్‌లా. ఆ రాయి మీద కులాసాగా నిలబడి నాకు ఉపన్యాసం ఇస్తూ జారాడు. మనిషి మునిగాడు, టోపీ తేలింది. పైకొచ్చి కూడా వాక్యం ఆపలేదమ్మా! నోట్లో నీళ్లు ఉమ్ముకుంటూ పూర్తిచేశాడు."

నెరిస్ పడీపడీ నవ్వింది. సీసా ముంచింది. బుడగలు ఆగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"దొరికాయిగా నీళ్లు. ఇంక పో," అన్నాడు హేడన్.

"టీ ఎవరు కాస్తారు? నేను కాస్తే బొగ్గు కడిగిన నీళ్లలా ఉంటుందంటాడు." ఆమె గడ్డం ముందుకొచ్చింది. "ఆయన మిమ్మల్ని రమ్మనలేదు. పిలవమనీ అనలేదు. నేనే అడుగుతున్నా."

హేడన్ చాలాసేపు నీళ్లలోకి చూశాడు. తర్వాత పైకి ఎక్కడం మొదలుపెట్టాడు. కారు దగ్గరికి వచ్చాక తనంతట తనే తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.

ఐవర్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ముక్కుకి గొట్టం. హేడన్ తిన్నగా వంటింట్లోకి పోయి, కెటిల్ ఎక్కడుందని అడక్కుండా వెతుక్కుని, టీ కాచి, డబ్బా పాలు పోసి రెండు కప్పులు తెచ్చి, ఒకటి ఐవర్‌కి ఇచ్చాడు. ఐవర్ కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇదే," అన్నాడు. కాసేపు రొప్పి, "పాలెక్కువయ్యాయి," అన్నాడు.

"నీ నోరు పాడై ఉంటుంది."

"పోయింది ఊపిరిరా, నోరు కాదు."

నెరిస్ రాతిపెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష రొట్టెలు తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టలేదు.

"నేను నిన్ను క్షమించలేదు, ఐవర్," అన్నాడు హేడన్.

"నేనడిగానా? మళ్లీ అలాంటి చలికాలం వస్తే మళ్లీ ఎక్కుతా ఆ బస్సు."

"తెలుసు. నేను మళ్లీ వీపు తిప్పుతా."

"తిప్పు. ముందా కప్పు కింద పెట్టి తిప్పు. మా నెరిస్ తివాచీ మీద ఒలికితే ఇద్దర్నీ బయటికి గెంటుతుంది."

హేడన్ కప్పు కింద పెట్టాడు. వీపు మాత్రం తిప్పలేదు. ఇద్దరూ కిటికీలోంచి కొండని చూస్తూ కూర్చున్నారు. టీ చల్లారింది. ఐవర్ చల్లటిదే తాగేశాడు.

"ముసలమ్మ పళ్లు బయటపడ్డాయా ఈ ఏడు?"

"పైవరసంతా."

"ఆ నీళ్లు తాగి చాలా ఏళ్లయింది. అందులో మట్టివాసన ఎలాంటిదంటే, దున్నిన..." దగ్గు అడ్డం పడింది.

హేడన్ లేచాడు. బల్ల మీది ఖాళీ సీసా తీసి సంచిలో వేసుకున్నాడు. టోపీ పెట్టుకుని, కర్ర అందుకుని, వాక్యం అక్కడే వదిలి గుమ్మం దాటాడు.

"అదేంటి! ఒక్క మాటైనా చెప్పకుండా..." నెరిస్ వెనకాల పరుగెత్తబోయింది.

"పిలవకే!" లోపలి నుంచి ఐవర్ అరిచాడు, ఉన్న ఊపిరంతా పెట్టి. "వాణ్ణలాగే పోనీ!"

హేడన్ వెనక్కి చూడలేదు. కర్రతో రోడ్డును తట్టుకుంటూ, వీధి చివర కొండ మొదలయ్యే వైపు నడిచిపోయాడు.