మేకు మీద మిగిలిన గ్లాసు

నా చిన్నప్పుడు మా గనుల ఊరి హోటల్లో బల్లల కంటే గోడకు కొట్టిన మేకులే ఎక్కువ. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు గనుక నేను రాస్తున్నాను. మొన్న ఇక్కడ ఇంగ్లండులో, స్విండన్ లైబ్రరీలో, బంగారం దొరికిన ఊళ్ళ చరిత్ర ఒకటి కనబడింది. నాది బడి చదువు కాదు. ఆ లైబ్రరీ కుర్చీలోనే కూడబలుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని. పుస్తకంలో మా హోటలు ఫొటో చూసి పొంగిపోయాను. కింద ఒకే వాక్యం ఉంది: కార్మికుల మేలు కోరి కంపెనీ కట్టించిన హోటలు అని. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చెబితే మనవరాలు, "బట్ అమ్మమ్మా, ఇట్స్ ఇన్ ద బుక్!" అంది.

కంపెనీ ఒక్క ఇటుక పెట్టలేదు. బంగారం పడిందని విని జనం నలుదిక్కుల నుంచీ వచ్చిపడ్డ రోజుల్లో మా జేజి, అంటే మా నాన్నమ్మ, ఒక పెనంతో గని గేటు ఎదురుగా కూచుంది. రేకులు తర్వాత వేసుకుంది. అదే హోటలు.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ అక్కడ పిడి ఉన్న రేకు గ్లాసు ఒకటి, దానికో మేకు ఉండేవి. దిగేముందు టీ తాగి, గ్లాసు కడిగి మేకుకు తగిలించేవాడు. పైకొచ్చాక మళ్ళీ తాగి ఇంటికి పట్టుకుపోయేవాడు. గోడ మీద గ్లాసు ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని. ప్రమాదం సైరన్ మోగగానే జేజి ముందు గోడ వైపే చూసేది.

ఒకనాటి మధ్యాహ్నం లోపల మట్టి కూలింది. అందరి గ్లాసులూ దిగాయి, ఒక్కటి తప్ప. మరునాడు కంపెనీ గుమాస్తా వచ్చాడు. ఆ గ్లాసు గలవాడి భార్య అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అవ్వా, ఆ గలాసు తీసెయ్. వాడు నిన్న పనికే రాలా. మస్టర్‌లో, హాజరు బుక్కులో, పేరే లేదు. ఊరిడిసి పారిపోయినాడు."

"పారిపోయేటోడు గలాసు కడిగి తగిలిచ్చి పోతాడా నాయనా?" అంది జేజి. టీ తాగుతున్నవాళ్ళు పగలబడి నవ్వారు. జేజి నవ్వలేదు. "సరే, నువ్వే తియ్యి. తీసి ఆయమ్మ చేతిలో పెట్టి, నీ మొగుడు గనిలోకి దిగలేదని చెప్పు."

గుమాస్తా గోడ దాకా వెళ్ళాడు. చెయ్యి మాత్రం లేవలేదు.

అప్పుడు జేజి చెంబుడు నీళ్ళు పొయ్యిలో పోసేసింది. కంపెనీ దొర బంగళాకు రోజూ వెళ్ళే టీ కూడా ఆగిపోయింది. పనికొచ్చినవాళ్ళు ఆ ఒక్క గ్లాసును చూసి, తమ గ్లాసులు చేతుల్లోనే పట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. ఎవరూ తగిలించలేదు, ఎవరూ దిగలేదు. మూడో రోజు కంపెనీ తవ్వించక తప్పలేదు. మనిషి శవమై దొరికాడు. జేజి ఆ గ్లాసు దించి, మళ్ళీ ఒకసారి కడిగి, అతని భార్య చేతికిచ్చింది.

మస్టర్‌లో పేరు మాత్రం ఎక్కలేదు. అది తలుచుకుంటే నాకు ఈనాటికీ కోపమే. ఆ రోజు పొయ్యి మళ్ళీ రాజేస్తూ జేజి నాతో అంది: "రాసేటోడు లోపలికి దిగడు. దిగేటోనికి రాయను రాదు. నువ్వన్నా నేర్చుకో పాపా." అదే పొయ్యి బొగ్గుతో మొదటి అక్షరం దిద్దాను. అప్పటి నుంచీ అచ్చులో ఏది కనబడినా, ఇది రాసినవాడు ఆ గోడ చూశాడా అని అడుగుతాను. ఆ కోపాన్ని చల్లారనివ్వలేదు. చల్లారితే జేజి మాట తప్పినట్టే.

ఆ పుస్తకాన్ని నా కోసం మూడుసార్లు తీసిపెట్టిన లైబ్రరీ షీలాకు, నా గిలుకుడు రాతను టైపు చేసిన పక్కింటి సరళకు కృతజ్ఞతలు. టైపు చేస్తుంటే పక్కన చేరి, "హౌ మెనీ నెయిల్స్, అమ్మమ్మా?" అని అడిగిన మనవరాలు మేఘనకు కూడా. హోటలు పెట్టిన మా జేజి ఓబులమ్మకు. ఆ రోజు టీ తాగి, గ్లాసు కడిగి, మేకుకు తగిలించి గనిలోకి దిగిన నరసింహులుకు.