పోటీకి లేని కోడె

వి.హెచ్.సి., హెచ్.సి., సి. ఈ అక్షరాలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఏ పరీక్షకూ పనికిరాని చదువు ఇది. హిందూపురంలో పశువుల ప్రదర్శన పెడుతున్నారని పశువుల ఆస్పత్రి కాంపౌండరు మా అత్తగారి ఊరికి వచ్చి పంచిన కాగితంలో నేర్చుకున్నాను. ముందువైపు ఏ పశువును ఏ తరగతిలో కట్టాలో తెలుగులో ఉంది. పాలపళ్ళ దూడలు, రెండు పళ్ళ కోడెలు, నాలుగు పళ్ళవి, పళ్ళన్నీ వచ్చినవి. వెనకవైపు, కార్డుల మీద రాసే పొట్టి అక్షరాలు, వాటి అర్థాలు ఇంగ్లీషులో అచ్చు వేశారు. వి.హెచ్.సి. అంటే చాలా మెచ్చదగినది, హెచ్.సి. అంటే మెచ్చదగినది, ఉత్త సి. అంటే ఫరవాలేదు. అన్నిటికన్నా అడుగున ఎన్.ఎఫ్.సి. అని ఉంది. పోటీకి కాదు, చూడ్డానికి మాత్రమే అని దానర్థం.

ధర్మవరంలో తొమ్మిదో తరగతి దాకా చదివి పెళ్ళయి వచ్చినదాన్ని నేను. మా అత్తగారి ఊరు హిందూపురానికీ పెనుకొండకూ నడుమ ఉంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు అక్షరం తెలిసింది నా ఒక్కదానికే. అప్పట్లో నాకు నవ్వు ఎక్కువ, మాట్లాడే మనిషి తక్కువ. అందుకని ఆ అక్షరాలతో మనసులోనే అందరికీ కార్డులు ఇచ్చుకునేదాన్ని. మా అత్త చేసే రాగి సంగటికి వి.హెచ్.సి., ఆమె నోటికి మాత్రం ఏదీ లేదు. మా మామ మీసానికి హెచ్.సి. మా ఆయనకు మంచి రోజుల్లో సి.

కోడె నాది. ఆ మాట నేను తప్ప ఎవరూ అనేవారు కాదు, అయినా నాదే. పెళ్ళిలో మా నాయన అరణంగా ఒక ఆవును ఇచ్చి పంపాడు. అది అత్తవారింట్లో మొదటి ఈత ఈని, దూడకు నెల తిరక్కుండానే పాము కరిచి పోయింది. దూడకు వెదురు గొట్టంతో పాలు పట్టి బతికించాను. పెరిగి తెల్లగా, మూపురం దగ్గర బూడిద రంగు తిరిగి, గంగడోలు మోకాళ్ళ దాకా వేలాడే కోడె అయింది. నా గొంతు వింటే చాలు, తాడు తెంచుకునేటట్టు లేచేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న చీరలు చిరిగిపోయాయి, గిన్నెలు అత్త గిన్నెల్లో కలిసిపోయాయి. ఆ ఇంట్లో నాది అని మిగిలింది అది ఒక్కటే.

రెండు పళ్ళు వేసేసరికి మా మామ దాని మీద కన్నేశాడు. మాకు కపిల బావి ఉండేది. ఎద్దులు ముందుకు లాగి వెనక్కి నడుస్తూ, పెద్ద తోలు సంచితో పొద్దంతా నీళ్ళు తోడాలి. జతలో ఒక ఎద్దు ముసలిదయింది. కోడెకు విత్తులు కొట్టించి కపిలకు కడతానన్నాడు. కొట్టేది ఎలాగో నేను మా ఊళ్ళో చూశాను. కాళ్ళు కట్టి పడేసి, కర్రల నడుమ పెట్టి నలిపేస్తారు. ఆ అరుపు వినకూడదని మా అవ్వ మా చెవులు మూసేది.

కాంపౌండరు అప్పుడే వచ్చాడు. కోడె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఏమప్పా, దీన్ని కొట్టిస్తావా? ప్రదర్శనకు తోలుకుని రా. ఏ కార్డు వచ్చినా చుట్టుపక్కల ఆవులకు దీన్నే ఆంబోతుగా పెట్టుకుంటారు" అన్నాడు. మా మామకు ఆ మాట మీసం మీద వెన్న రాసినట్టయింది. "కార్డొస్తే దాని జోలికి పోను. రాకపోతే కపిలకే" అన్నాడు, పదిమంది ఎదుట. గోడ చాటున నిలబడి విన్న నేను ఆ మాటను మూట కట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నా పని అదే. ఉలవలు ఉడకబెట్టి పెట్టడం, గిట్టలు శుభ్రం చేయడం, జనం మధ్య బెదరకుండా పలుపు పట్టి నడిపించడం. కాగితం అంతా చదివి మామకు వినిపించాను. ఒంటి మీద పచ్చి పుండు గానీ కొత్త వాత గానీ ఉంటే పోటీకి తీసుకోరని, అలాంటిదానికి ఎన్.ఎఫ్.సి. కార్డు కడతారని కూడా చెప్పాను. ఆయన తలగుడ్డ సర్దుకుంటూ, "మన కోడెకు వాతలెందుకే, రాయి మాదిరి ఉండాది" అన్నాడు.

ప్రదర్శనకు ముందు రోజు కుంట దగ్గర దానికి నీళ్ళు పోస్తుంటే మడకశిర వైపు నుంచి పోతున్న ఎద్దుల బేరగాడు ఒకడు ఆగాడు. ఇలాంటి కోడెను ఈ మధ్య చూడలేదని ఒకసారి అని ఊరుకోలేదు, పదే పదే అన్నాడు. సాయంత్రం కోడె మేత ముట్టలేదు. తల దించుకుని, ఎడమ డొక్క ఉబ్బి నిలబడింది. నాకు కారణం తెలుసు. నేను పెట్టాల్సిన ఉలవలు పెట్టి వెళ్ళాక, తెల్లారేసరికి నిగనిగలాడాలని మామ తన చేత్తో ఇంకో గంప పెట్టాడు. గంప ఇంకా గాటి పక్కనే ఉంది. వాము కషాయం పోసి కాసేపు నడిపిస్తే తగ్గిపోయేది.

మా అత్త ఒప్పుకోలేదు. "వాని పాడు కన్ను తగిలిండాది. వాత పెట్టకపోతే పొద్దున్నకి పడిపోతాది" అంది. వాతలు పెట్టే మనిషి పక్క వీధిలోనే ఉండేవాడు. ఆ ఊళ్ళో మనుషులకూ పశువులకూ ఆయనే వైద్యుడు. పిల్లలు పాలు తాగకపోయినా, ఎద్దు మేత మానినా కాల్చిన కొడవలే మందు. నేను చెప్పిన కషాయం వాళ్ళకు వైద్యంలాగే అనిపించలేదు.

నేను కాగితం తెచ్చి మామ ముందు పెట్టాను. "మామా, వాత పెడితే పోటీకి తీసుకోరు. మీకు చదివి చెప్పినాను గదా."

"కోడే పోతే పోటీ యాడుండాది? ఇంగ్లీషు కాగితం చెప్పిందని పశువును సంపుకోమంటావా?" అన్నాడు.

నేను వెళ్ళి కోడెకు అడ్డంగా నిలబడ్డాను. మా ఆయన వైపు చూశాను. ఉబ్బరం సంగతి ఆయనకూ తెలుసు, గంప ఆయనా చూశాడు. వాళ్ళ నాయన చూసిన ఒక్క చూపుకు గంగిరెద్దులా తల ఊపాడు. "నువ్వు లోపలికి పో" అన్నాడు నాతో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట నేనిచ్చిన సి. కార్డు వెనక్కి తీసుకున్నాను.

డొక్క మీద మూడు గీతలు కాల్చారు. నేను వంటింట్లో ఉన్నాను, అయినా వాసన వచ్చింది. తెల్లవారేసరికి కోడె మేత తిన్నది. అంత ఉబ్బరం ఎలాగూ తెల్లారేసరికి దిగేదే. మా అత్త మాత్రం గెలిచిన మనిషిలా వాకిట్లో నిలబడి, "సూసినావా?" అంది.

హిందూపురం మైదానంలో వెదురు గడలు కట్టి తరగతుల వారీగా పశువులను నిలబెట్టారు. రెండు పళ్ళ కోడెల వరసలో మాది చివర ఉంది. మామ వాతల మీద పసుపు పూసి, పైన అంగవస్త్రం కప్పాడు. తీర్పు చెప్పే డాక్టరు పెద్దమనిషి, తొందర లేని మనిషి. మూపురం మీద చేయి వేశాడు, గంగడోలు ఎత్తి చూశాడు, నడిపించమన్నాడు. అది ఎంత బాగా నడిచిందంటే మనసులోనే దానికి వి.హెచ్.సి. ఇచ్చేశాను. తర్వాత ఆయన అంగవస్త్రం ఎత్తాడు. పసుపు కింద నుంచి రసి కారుతోంది.

పక్కనున్న కాంపౌండరుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అన్నీ నాకు అర్థం కాలేదు. ఫస్ట్ అన్న మాట అర్థమైంది, అది అన్నప్పుడు ఆయన తల అడ్డంగా ఊపడం అర్థమైంది. కాంపౌండరు మా వైపు చూడకుండా గడకు కార్డు కట్టి వెళ్ళిపోయాడు. ఎన్.ఎఫ్.సి.

తిరుగు బండిలో మామ అడిగాడు, "ఏమంట, ఏం రాసినారు?"

"సూసేదానికి మాత్రమేనంట. పోటీకి లేదంట."

ఆయన తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాలోని పిచ్చిది, పశ్చాత్తాపపడుతున్నాడేమో అనుకుంది. ఊరి పొలిమేర దాటాక, "పొద్దుగూకులూ కార్డు కార్డని నువ్వు నోట్లో నానబెట్టినావు. దిష్టి నీదే" అన్నాడు. మా ఆయన ఎద్దులను అదిలిస్తూ కూర్చున్నాడు. కోడె బండి వెనక కట్టి నడుస్తోంది. దాని ముఖం నా ముఖానికి ఎదురుగా ఉంది.

నేను కాన్పుకు ధర్మవరం పోయినప్పుడు దానికి విత్తులు కొట్టించారు. బిడ్డను చూడ్డానికి వచ్చిన మా ఆయన ఆ సంగతి చెప్పాడు. "నాయన మాటిచ్చినాడు గదా, కార్డొస్తేనే అని" అన్నాడు. ఇచ్చిన మాట మీద నిలబడ్డాడట! అంత కోపం నాకు ఎవరి మీదా, ఎప్పుడూ రాలేదు. ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు.

చంటిపిల్లతో తిరిగి వచ్చిన కొద్ది రోజులకు పాప పాలు తాగడం మానింది. పొట్ట గట్టిపడి గుక్కపెట్టి ఏడ్చింది. నేను ఒళ్ళో వేసుకుని వాము నీళ్ళు పడుతుంటే మా అత్త చేయి అడ్డం పెట్టింది. "ఆయప్పను పిలిపిచ్చినా. కోడెకు తగ్గలేదా? మూడు గీతలు చాలు" అంది. వాకిట్లో కుంపటి అప్పటికే రాజుకుంటోంది. కొడవలి అందులో పెట్టారు.

ఈసారి నేను ఎవరి వైపూ చూడలేదు. పాపను కొంగులో చుట్టుకుని పెరటి గుమ్మం నుంచి దిగాను. "యాడికి పోతాండావే?" అని అత్త కేకేసింది. "పెనుకొండ ఆస్పత్రికి" అన్నాను. మా ఆయన గడప దాకా వచ్చి ఆగాడు. ఆగడం ఆయనకు బాగా వచ్చిన పని.

బస్సు ఆగే రోడ్డుకు దారి మా కపిల బావి మీదుగానే. కోడె నీళ్ళు తోడుతోంది. కోడె అని నేనంటున్నాను, అప్పటికి అది ఎద్దు. మూపురం జారిపోయింది, గంగడోలు ముడుచుకుంది. డొక్క మీద మూడు గీతలు, వాటి మీద వెంట్రుక మొలవలేదు. నేను పక్కగా పోతుంటే పాప ఏడుస్తూనే ఉంది, ఊరుకోబెడుతూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. నా గొంతు వింటే తాడు తెంచుకునేది కదా. అది తల తిప్పలేదు, వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకు లాగింది.