కంచె పక్కన కోయని జొన్న

మా ఇంటాయన పోయిన ఐదేళ్ళకు, పెద్దల అమావాస్య ఇంకా పన్నెండు రోజులుందనగా, మా మరిది దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి నేను అమెరికాలో, ప్లేనోలో మా అమ్మాయి ఇంటికి చేరి నాలుగేళ్ళు. సంవత్సరం ఎనభై రెండో, ఎనభై మూడో. వానల సంగతి రాశాడు, ఎద్దు కుంటుతున్న సంగతి రాశాడు, అంతా అయ్యాక అడుగున రెండు వరసల్లో అసలు సంగతి రాశాడు: "వదినా, మేము ఇంటిల్లిపాదీ ఏసుప్రభువును నమ్ముకున్నాము. ఈ ఏటినుంచి అన్నకు విస్తరి వేయలేను. ఏమీ అనుకోవద్దు."

నేనేమీ అనుకోలేదు. ఎవరి నమ్మకం వాళ్ళది. ఐదేళ్ళు వేళ తప్పకుండా అన్నకు పెట్టాడు, అది చాలు. నన్ను పట్టుకున్న దిగులు వేరే. ఈ ఏడు ఆయనకు అన్నం పెట్టేదెవరు? మాకు కొడుకులు లేరు. అల్లుడు మంచివాడే, అడిగితే కాదనడు, కానీ వాళ్ళ నాయన నిక్షేపంగా ఉన్నాడు. తండ్రి బతికున్నవాడు ఆ పని చేయకూడదు. ఏడాదికి ఒక్క పూట భోజనం. అది కూడా లేకుండా మనిషిని పస్తు పెట్టడమా?

"నేనే పెడతా," అన్నాను అమ్మాయితో.

"ఆడోళ్ళు పెట్టొచ్చా మా?"

"బతికుండంగ నలభై ఏండ్లు ఎవురు పెట్టినారే మీ నాయనకు? నేనే కదా. ఇప్పుడు మటుకు నా చెయ్యి పనికిరాదా?"



ఇక ఏమి పెట్టాలన్నది. మా ఆయనకు వరన్నం సయించేది కాదు. అది జ్వరం వచ్చినోళ్ళ కూడు అనేవాడు. జొన్న సంగటి, గోంగూర, వేయించిన చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి, ఈ మూడు ఉంటే రాజు. గోంగూర నా పెరట్లోనే ఉంది. చెనిక్కాయలకు టెక్సాసులో కరువు లేదు. జొన్నలే లేవు. ఆ రోజుల్లో ఇండియన్ షాపంటే డల్లాసులో ఒక ఇరుకు గది. జొన్నలున్నాయా అని అడిగితే ఆ గుజరాతీ ఆయన చేతులు తిప్పేశాడు.

విడ్డూరమేమంటే, జొన్న మా కళ్ళెదుటే ఉంది. మా ఇళ్ళ వరస అయిపోయిన చోట రోడ్డు, రోడ్డు దాటితే అంతా జొన్నచేను. మన జొన్నలా మనిషెత్తు పెరగదు, నడుముకు వస్తుంది. కంకి ఎర్రగా, ముద్దగా ఉంటుంది. దాన్ని ఇక్కడివాళ్ళు పశువులకు వేస్తారు. నాలుగేళ్ళు ఆ చేను చూసుకుంటూ నేను వరన్నం తిన్నాను.

ఆ ఏడు కోత ఆలస్యమైంది. అమావాస్యకు ఎనిమిది రోజుల ముందు, శుక్రవారం నాడు, ఇల్లంత మిషను వచ్చి పొద్దు గుంకేలోగా చేనంతా నున్నగా గొరిగేసింది. శనివారం పొద్దున అమ్మాయీ అల్లుడూ లేవకముందే నేను ఒక దిండు గలేబు, కూరగాయల కత్తి తీసుకుని రోడ్డు దాటాను.

కోత అయిపోయిన చేలో మిగిలిన కంకులు ఏరుకోవడాన్ని మావైపు పరిగె అంటారు. ఆసామి తన పంట తోలుకుపోయాక మిగిలింది ఏరుకున్నవాళ్ళది. అడిగేవాళ్ళుండరు, అడిగించుకునేవాళ్ళుండరు. మూడో తరగతిలో మా అమ్మ నన్ను బడి మానిపించింది ఈ పరిగె కోసమే. కాబట్టి ఆ పని నాకు పలక మీద అక్షరాలకంటే బాగా వచ్చు.

కానీ ఆ మిషను మహా పిసినారి. వంగి వంగి గంటసేపు ఏరితే రెండు దోసిళ్ళు రాలేదు. నడుము పట్టుకుని లేచి చూస్తే, అవతల ముళ్ళకంచె పక్కన మూడు సాళ్ళు కోయకుండా నిలబడి ఉన్నాయి. ముప్ఫై అడుగుల పొడవుంటుంది. కంకులు నిండుగా, తలలు వంచుకుని ఉన్నాయి. ఈ ఆసామి ఎవరో ధర్మాత్ముడు, ఏరుకునేవాళ్ళకని వదిలిపెట్టాడు అనుకున్నాను. మావైపు పెద్ద ఆసాములు అట్లా ఒక మూల వదిలేవాళ్ళు. దండం పెట్టుకుని కత్తి తీశాను. సగం సాళ్ళు కోసేసరికి గలేబు నిండింది. మూతి ముడి వేస్తుంటే వెనక ట్రక్కు ఆగిన చప్పుడైంది.

దిగినాయన తెల్లోడు, డెబ్బై దగ్గర ఉంటాయి, మెడ ఎండకు కాలి కుండపెంకు రంగులో ఉంది. నన్ను చూశాడు, నా చీర చూశాడు, గలేబు చూశాడు. ఆ తరవాత నేను కోసిన మోళ్ళ దగ్గరికి పోయి నిలబడి టోపీ తీశాడు. ఎండకు కాబోలు అనుకున్నాను. ఏదో అడిగాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎస్సు, నో, థాంక్యూ. మా ఇంటివైపు చెయ్యి చూపించి, "డాటర్" అన్నాను. ఆయన గలేబు అందుకోబోయాడు. నేనివ్వలేదు. ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం.

అమ్మాయి తలుపు తీసి మా ఇద్దర్నీ చూసింది. ముందు ఆయనకు ఒక పది సార్లు సారీ చెప్పి, తరవాత నా మీద పడింది.

"నీకేమన్నా పిచ్చా మా? అది ప్రైవేట్ ప్రాపర్టీ. ట్రెస్‌పాసింగ్ అంటారు దాన్ని. ఇక్కడ గన్ లేని ఇల్లుండదు తెలుసా?"

"నేనేం దొంగనా? పరిగె ఏరినాను."

"పరిగె అని నేను ఈయనకు ఇంగ్లీష్‌లో ఎట్ల చెప్పేది?"

ఆయన మాత్రం అరవలేదు. వాకిట్లో మెట్టు మీద కూర్చుని, టోపీ మోకాలికి తగిలించి, నిదానంగా చెప్పుకొచ్చాడు. అమ్మాయి వింటూ వింటూ గొంతు తగ్గించింది. ఆమె నాకు చెప్పింది ఇదీ.

కోత చివరి రోజున కంచె పక్కన మూడు సాళ్ళు వదలడం వాళ్ళ వంశంలో అలవాటట. ఈయన నాయన వదిలేవాడు. వాళ్ళ అవ్వ సముద్రం దాటి రాకముందు, ఏదో చలిదేశంలో గోధుమ చేలో వదిలేదట. అది ఆ నేలలో చాకిరీ చేసి పోయినవాళ్ళ వంతు. మిషను ఆపాక ఈయన తన ఫ్లాస్కులో కాఫీ ఆ మొదళ్ళలో కొంచెం పోసి, నాయన పేరు, యుద్ధంలో పోయిన అన్న పేరు పలికి, ఈ ఏటికి అయిపోయింది అని చెప్పి ఇంటికి పోతాడు. మంచు పడేదాకా దాన్ని మనుషులెవరూ ముట్టరు.

"వాళ్ళ పాస్టర్‌కి మాత్రం చెప్పొద్దంటున్నాడు మా. ఆయనకి ఇట్లాంటివి నచ్చవంట."

పాస్టరు సంగతి నాకెందుకు? నా ప్రాణం ఉసూరుమంది. ఒక ఇంటి పెద్దల వంతు కోసుకొచ్చి మా ఇంటి పెద్దకు పెట్టబోయాను. బతికున్నవాళ్ళ సొమ్ము తీస్తే తిరిగి ఇచ్చుకోవచ్చు. పోయినవాళ్ళ నోటి దగ్గరిది తీస్తే ఎవరికి ఇస్తాం? గలేబు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

"తీసుకుపొమ్మను. ఒక్క గింజ ఉంచుకోను."

ఆయన తల అడ్డంగా ఊపి అమ్మాయితో ఏదో అన్నాడు. "కోసినదాన్ని నేను మళ్ళీ నిలబెట్టలేను కదా అంటున్నాడు. నువ్వు ఎందుకు కోసినావో చెప్పమంటున్నాడు."

"చెప్పు మరి."

అమ్మాయి చెప్పింది. మధ్యమధ్య "ఫాదర్" అన్న మాట నాకు వినిపించింది. ఆయన టోపీ చేతిలోకి తీసుకుని రోడ్డు అవతల మిగిలిన సాళ్ళవైపు చూశాడు.  ఇక జొన్న లేనట్టే, మా ఆయనకు ఈ ఏడు జ్వరం కూడే అనుకున్నాను.

ఆయన చెప్పిందాన్ని అమ్మాయి ఒక్కో ముక్కా విరిచి చెప్పింది. "వాళ్ళ నాయన అడిగినోళ్ళకు లేదని ఎప్పుడూ అనలేదంట. ఈ ఏడు వాళ్ళ వంతులో మన నాయనకు భాగం ఇస్తాడంట. అయితే ఒకటి. నువ్వు నాయనను పిలిచేటప్పుడు వాళ్ళిద్దరినీ కూడా పేరుపెట్టి పిలవాలంట."

ఆలోచించాను. వంతుకు వారసుడు తన నోటితో ఇచ్చాడు. అప్పుడు తప్పు లేదు. కానీ ఊరికే తీసుకోవడం నాకు అలవాటు లేదు.

"వచ్చే శనివారం అమావాస్య. మధ్యాన్నం భోజనానికి రమ్మను," అన్నాను.

"ఎందుకు మా ఇప్పుడు?"

"మీ నాయన విస్తరి ముందర కూచోను మనిషి వద్దా? నువ్వు కూచుంటావా?"

మా అత్తగారింట్లో పద్ధతి అట్లాంటిది. పెద్దలకు వేసిన విస్తరికి దండం పెట్టి లేచిపోవడం కాదు. పోయినవాడి ఈడు మనిషిని, బయటివాణ్ణి, పిలిచి కూర్చోబెట్టి తినిపించాలి. అతను తింటే ఆయన తిన్నట్టు. అతను లేచేదాకా ఇంట్లోవాళ్ళకు పచ్చి మంచినీళ్ళు లేవు. నాలుగు వందల గడపల ఊళ్ళో అట్లాంటి మనిషి దొరకడం కష్టం కాదు. ప్లేనోలో నాకు తెలిసిన మనవాళ్ళందరూ ముప్ఫై ఏళ్ళ ఇంజినీర్లు. మా ఆయన ఉంటే అరవై తొమ్మిది. ఈ ముసలాయన ఈడూ జోడూ సరిపోయాడు.

వస్తానన్నాడు. గలేబు ఆయనే మోసుకొచ్చి వంటింట్లో పెట్టి పోయాడు.

ఆ వారమంతా నాకు పండగే. కంకుల్ని పెరట్లో సిమెంటు గచ్చు మీద మూడు రోజులు ఎండబెట్టాను. గలేబులోనే వేసి చపాతీల కర్రతో కొట్టాను. చేట లేదు, బిస్కెట్లు కాల్చే రేకు పట్టుకుని గాలికి నిలబడి తూర్పార పట్టాను. ఊక పక్కింటి ఆమె ఆరేసిన దుప్పట్ల మీదికి పోయిందని అమ్మాయి మళ్ళీ ఒకసారి సారీ చెప్పి వచ్చింది. సేరున్నర గింజలు తేలాయి. వాటిని అమ్మాయి కాఫీ గింజల మిషనులో ఆడించాను. నెల రోజులు కాఫీలో జొన్న వాసన వస్తోందని సణిగింది. రానీ. కడిగాను కదా.

అల్లుడు ఒక్కటే మాట అన్నాడు: "అత్తా, ఆయనకు పాపం ఆ సంగటి గొంతు దిగుతుందంటావా? పక్కన ఒక పిజ్జా తెప్పించి పెడదామా?"

"మీ మామ విస్తరిలో పిజ్జానా? నీ నాయన ఉన్నాడుగా, ఆయనకు పెట్టుకో," అన్నాను.

అమావాస్య నాడు తలకు పోసుకుని వండాను. వీధి మలుపులో ఒక చెట్టుంది, అరచేతులంత దళసరి ఆకులు. వాటిని పళ్ళు కుట్టుకునే పుల్లలతో గుచ్చి విస్తరి కుట్టాను. ఫొటో ముందు కర్పూరం వెలిగించి ఆయనను పిలిచాను. తరవాత ఆ ఇద్దరి పేర్లు. ముందే అమ్మాయి చేత మూడుసార్లు చెప్పించుకున్నా నాలిక తిరగలేదు. ఆ పేర్లవాళ్ళకు తెలియకపోతుందా, పిలిచింది మనల్నే అని.

సరిగ్గా పన్నెండింటికి ముసలాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన తల. బూట్లు విప్పమంటే విప్పి, మేజోడులోంచి బొటనవేలు బయటికి వచ్చిన కాలును రెండో కాలికింద దాచుకున్నాడు. నేల మీద కూర్చోబోతే మోకాళ్ళు వంగలేదు. కుర్చీ వేసి, విస్తరి టేబుల్ మీదికి మార్చాను. పోయినవాళ్ళు ఆ మాత్రం సర్దుకోలేరా?

సంగటి ముద్ద వేశాను, నడుమ గుంట చేసి నెయ్యి పోశాను. చెంచా అడగలేదు. అమ్మాయి చేతితో చూపిస్తే అట్లాగే విరిచి, గోంగూర అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. పులుపుకు కళ్ళు రెండూ గట్టిగా మూతపడ్డాయి. మేము ముగ్గురం గోడకానుకుని నిలబడి చూస్తున్నాం. పొద్దుటినుంచి నా గొంతులో నీటిబొట్టు పడలేదు. ఈయన ఇప్పుడు చెయ్యి కడిగేసుకుంటే మా ఆయన పస్తే.

కళ్ళు తెరిచి ముద్దవైపు చూశాడు. ఏదో అన్నాడు.

"చిన్నప్పటినుంచి పండిస్తున్నాడంట మా. పశువులకు వెయ్యడమే గానీ, ఇది మనుషుల నోటికి ఇంత బాగుంటదని ఇయ్యాలే తెలిసిందంట."

ఇంకొక ముద్ద విరిచాడు. ఇంకొకటి. మళ్ళీ ఏదో అడిగాడు. అమ్మాయి నావైపు తిరిగింది. "నాయన దీన్ని రోజూ తినేవాడా అని."

"మూడు పూటలా అని చెప్పు."

చెప్పింది. ఆయన నములుతూ, ముఖంలో ఏమీ కదలకుండా, ఒక మాట అన్నాడు. అల్లుడు పక్కకు తిరిగాడు. అమ్మాయి పెదవి కొరుక్కుంది.

"ఏమన్నాడే?"

"ఏం ల్యా మా."

"ఏమన్నాడో చెప్పు."

"అయితే... అందుకే పోయినాడేమో అంటున్నాడు."

పెద్దల భోజనం దగ్గర నవ్వకూడదు. మా అత్త ఉంటే వీపు విమానం మోతెక్కించేది. కానీ ఆ మాట అచ్చం మా ఆయన అనే రకం మాట. నా పెళ్ళినాడు మా మేనమామను ఇట్లాగే ముఖం కదల్చకుండా ఏడిపించాడు. నాకు లోపలినుంచి ఎక్కడిదో నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. నేను నవ్వడం చూసి అమ్మాయి నవ్వింది, అల్లుడు నవ్వాడు, ముసలాయన కూడా నవ్వి, గోంగూర గిన్నెవైపు వేలు చూపించాడు. ఇంకా కావాలట.

రెండో ముద్ద వేశాను. మూడోది సగం వేశాను. ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, ఆకు మీద నెయ్యి వేలితో తుడిచి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. నేను తలుపు దాకా వెళ్ళి దండం పెట్టాను. ఆయన టోపీ తీసి, పెట్టుకుని, వెళ్ళిపోయాడు.

"మా, ఇంక నువ్వు తిను," అంది అమ్మాయి.

గిన్నె అడుగున నాకు సరిపోయేంత ముద్ద ఉంది. కింద కూర్చుని, కాళ్ళు చాపుకుని, కడుపునిండా తిన్నాను.