నాన్న కుడికాలు

మా కారు చలికి స్టార్టవడం లేదంటే విజయవాడలో ఎవరూ నమ్మలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర మొదట చూపించిన మెకానిక్ నా మొహంలోకి ఒకసారి చూసి, "ఈ ఊళ్లో చలేంటి మేడమ్?" అన్నాడు. అది మే నెల. అతని చొక్కా అతని వీపుకీ, నా జాకెట్టు నా వీపుకీ అంటుకుపోయి ఉన్నాయి. నేను చెప్పాలనుకున్నది ఇంజను చలి గురించి. రాత్రంతా నిలబడి చల్లారిన ఇంజను, పొద్దున్న మొదటిసారి తాళం తిప్పితే అంటుకోవడం లేదు. అప్పటికి నాకే ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడం రాదు కాబట్టి అతన్ని తప్పు పట్టలేను.

అది రెండువేల నాలుగో, ఐదో. నేను గన్నవరంలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. పటమటలో మా ఇంటి దగ్గర్నుంచి రోజూ బస్సులో నిలబడి వెళ్లలేక, ఎవరో ఆరేళ్లు వాడిన కారు ఒకటి కొన్నాను. పాతకాలపు కార్బ్యురేటర్ బండి కాదది. ఇంజనుకి ఎంత పెట్రోలు కావాలో లోపలున్న చిన్న కంప్యూటరే లెక్కకట్టి చిమ్ముతుంది.

నిజం చెప్పాలంటే ఆ కారు నాకంటే నాన్న కోసమే కొన్నాను. నాన్న ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు జీపు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. డాక్టర్లని ఎక్కించుకుని లంక గ్రామాల దాకా వైద్య శిబిరాలకి తిప్పేవాడు. ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచీ చేతులు ఊరుకోక, బాగున్న కుళాయిలు విప్పి మళ్లీ బిగించేవాడు. బిగించినవన్నీ కారేవి. అందుకని పొద్దున్న నన్ను కాలేజీలో దింపడం, సాయంత్రం తీసుకురావడం ఇక నీ ఉద్యోగం అన్నాను. ఆ మాట విని నాన్న ఖాకీ చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.

ఆ ఉద్యోగం మొదటి రోజే చిక్కుల్లో పడింది. పొద్దున్న ఏడున్నరకి నాన్న బానెట్ మీద చెయ్యి వేసి, "ప్రభువా, ఈ వాహనమును నీ చేతులకు అప్పగించుచున్నాము" అని ప్రార్థన చేశాడు. లోపల కూర్చున్నాడు. జీపు రోజుల నాటి పద్ధతి ప్రకారం ఎక్సిలేటర్ రెండుసార్లు కొట్టి, మూడోసారి అడుగంటా తొక్కిపెట్టి తాళం తిప్పాడు. ఇంజను గిరగిరా తిరిగిందే తప్ప అంటుకోలేదు. అయిదుసార్లు తిప్పాడు. ఆఖరికి నేను కూర్చున్నాను. మూడు నాలుగుసార్లు దగ్గి, దగ్గి, స్టార్టయింది. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. సాయంత్రాలు మాత్రం, ఇంకా వేడి మీదున్న ఇంజను నాన్న చేతికీ స్టార్టయ్యేది. మహిమ దేవుడికి, అవమానం నాన్నకి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాకు డ్రైవింగ్ నేర్పింది నాన్న కాదు. రెండు రోజులు నేర్పాడు. ఆ రెండు రోజుల అరుపులకి వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. మూడో రోజు నేను వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఇంట్లో ముప్ఫై ఏళ్ల సర్వీసున్న డ్రైవరు ఉండగా కూతురు పైవాళ్లకి డబ్బు కట్టి నేర్చుకోవడం నాన్న ఎప్పటికీ మింగలేకపోయాడు. ఇప్పుడు బండి కూడా నా మాటే వింటోంది. వరండాలోంచి చూస్తున్న అమ్మ, "బండికి కూడా మీ నాన్న అరుపులు పడటం లేదే" అంది. మామూలుగా అయితే అలాంటి మాటకి నాన్న గంటసేపు జవాబు చెబుతాడు. ఆరోజు తన అరచేతులు చూసుకుని, "చెయ్యి పోయిందేమోనే" అన్నాడు. నాకు భయమేసింది. కారు బాగవకపోతే బస్సెక్కుతాను. నాన్న తన చెయ్యి పోయిందని నమ్మేస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

రెండో మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఫిల్టర్ మార్చాడు, బ్యాటరీ మార్చాడు. బండిని అతని దగ్గరికి తీసుకెళ్లేసరికి ఇంజను వేడెక్కి ఉండేది కాబట్టి, అతను తాళం ముట్టుకోగానే స్టార్టయ్యేది. మెకానిక్కుల ముందు మా కారంత బుద్ధిమంతురాలు లేదు. "మీ ఇంట్లో ఏదో ఉందండీ" అన్నాడు రెండో అతను. తీరా చూస్తే సగం నిజమే అది.

ఆఖరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మెకానిక్ దొరికారు. అందరూ సాయిబుగారనే పిలిచేవారు. ఆయన బండి వైపు కనీసం చూడలేదు. "వేడి బండి చూసి లాభం లేదండీ. రాత్రి పెట్టింది పెట్టినట్టే ఉండాలి. పొద్దున్న ఎవరూ తాళం ముట్టుకోవద్దు. నమాజు చేసుకుని నేనే వస్తా" అన్నారు.

అన్నట్టే మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద వచ్చారు. బానెట్ ఎత్తి, ముందు ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశారు. తర్వాత మీటరు తీసి, దాని రెండు వైర్లనీ బొటనవేలంత సెన్సర్‌కి ఆనించారు.

"ఇంజను చల్లగా ఉందండీ. ఈ సెన్సరేమో వేడిగా ఉన్నానని కంప్యూటరుకి అబద్ధం చెప్తోంది. అది నమ్మేసి పెట్రోలు తక్కువ పోస్తోంది. చల్లటి ఇంజనుకి ఎక్కువ కావాలి కదా" అన్నారు.

"చూశావా! నా చెయ్యి కాదు!" అన్నాడు నాన్న. వాళ్లిద్దరూ కలిసి నా చేత రెండుసార్లు టీ పెట్టించారు.

మర్నాడు పొద్దున్న సాయిబుగారు కొత్త సెన్సర్ తెచ్చి బిగించారు. "కొట్టండి సార్" అన్నారు. నాన్న ప్రార్థన చేసి, కూర్చుని, రెండుసార్లు కొట్టి, అడుగంటా తొక్కిపెట్టి తాళం తిప్పాడు. అంటుకోలేదు. తెరిచిన తలుపు పక్కనే నిలబడ్డ సాయిబుగారు కిందికి చూశారు. చాలాసేపు అక్కడే చూశారు. తర్వాత నెమ్మదిగా, "మేడమ్, మీరోసారి చూడండి" అన్నారు. నేను కూర్చుని తాళం తిప్పీ తిప్పగానే స్టార్టయింది. నాన్న ఏదో పని ఉన్నవాడిలా లోపలికి వెళ్లిపోయాడు.

గేటు దగ్గర స్కూటర్ ఎక్కుతూ సాయిబుగారు గొంతు తగ్గించారు. "బండికి ఇంకేం లేదండీ. ఆ కాలు తీయించండి. స్టార్ట్ చేసేప్పుడు పూర్తిగా తొక్కితే, పెట్రోలు ఎక్కువైపోయిందేమో అనుకుని కంప్యూటరు పొయ్యడం మొత్తం ఆపేసుద్ది. ఇంజను వేడి మీదుంటే ఆయన తొక్కట్లేదు కాబట్టి సాయంత్రాలు బాగుంటోంది."

"ఆ ముక్క ఆయనతోనే అనకపోయారా?"

"ముప్ఫై ఏళ్ల డ్రైవరుకి కాలు తియ్యమని నేనెట్టా చెప్పనండీ? మీరే చెప్పండి."

డ్రైవింగ్ స్కూలు మాస్టారు మొదటి రోజే నాకు ఆ మాట చెప్పాడు. కాలు పెట్టకండి మేడమ్, ఉత్తినే తాళం తిప్పండి అని. అదే మాట నాన్నతో అనడానికి నాకు నోరు రాలేదు. స్కూల్లో చేరిన కూతురు వచ్చి కాలెక్కడ పెట్టాలో చెబితే ఎలా ఉంటుంది? అందుకని ఇంకో ఉపాయం పన్నాను. రోజూ నాన్న ప్రార్థనకి ముందే నేను బయటికొచ్చి బండి స్టార్ట్ చేసి ఉంచేదాన్ని. కంప్యూటరు బండ్లని ముందుగా వేడి చెయ్యాలట అని చెప్పాను. నాన్న తల ఊపాడు. మా నాన్న నా మాటకి ఎదురు చెప్పకుండా తల ఊపడం అదే మొదటిసారి. నేను దాన్ని నా తెలివనుకున్నాను.

నాలుగు నెలలు అలా గడిచాయి. మొదట్లో నేను స్టార్ట్ చేసి దిగితే నాన్న కూర్చునేవాడు. తర్వాత, "ఇవాళ నేను నడపనా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం చర్చి అయ్యాక హనుమాన్ జంక్షన్‌లో బంధువులింటికి బయల్దేరితే, ఏమీ అడక్కుండానే ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు. దారంతా ఎదురుగా వచ్చే లారీలని నా కంటే ముందు చూసి, ఏమీ అనకుండా ఊరుకున్నాడు. ఆ నెలలోనే ఆయన లైసెన్సు రెన్యువల్‌కి వచ్చింది. ఫారం తెచ్చి ఇస్తే మడిచి బైబిల్లో పెట్టాడు.

"ఎందుకులే. నా బండ్లు వేరు. ఇది నన్ను ఒప్పుకోవట్లేదు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వంటింటి కుళాయి విప్పాడు.

ఇక దాచలేకపోయాను. కుళాయి ముందే నిలబడి మొత్తం చెప్పేశాను. సెన్సర్, కంప్యూటరు, కుడికాలు, సాయిబుగారు గేటు దగ్గర అన్నది, అంతా. నాన్న స్పానర్ గట్టు మీద పెట్టాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"సెన్సర్ మార్చిన రోజు నుంచి."

చేతులు తుడుచుకుని బయటికి నడిచాడు. ఆరోజు నేనింకా బండి స్టార్ట్ చెయ్యలేదు. తాళం నా దగ్గరే ఉంది, ఇచ్చాను. ప్రార్థన చెయ్యలేదు. సీట్లో కూర్చుని, చెప్పు విడిచి, కుడికాలు భోజనానికి కూర్చున్నట్టు పైకి మడుచుకుని తాళం తిప్పాడు. వెంటనే స్టార్టయింది. ఆపాడు. మళ్లీ తిప్పాడు. స్టార్టయింది. నేను నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"డాక్టర్లు నన్ను నడిరోడ్డు మీద తిట్టేవాళ్లే" అన్నాడు, స్టీరింగ్ వైపు చూస్తూ. "గేరు సరిగ్గా పడలేదని తిట్టారు. గుంటలో దించానని తిట్టారు. ఏరా అన్నారు. మర్నాడు పొద్దున్న మళ్లీ తాళం నా చేతికే ఇచ్చేవాళ్లు."

అప్పుడు నా వైపు చూశాడు.

"నువ్వు ఒక్క మాట కూడా అనలేదమ్మా. తాళం తీసేసుకున్నావు."